రెండడుగుల ప్లాంటెడ్ ట్యాంకులో నల్ల పాచి, షాపాయన ఇచ్చిన నీలం మందుతో రొయ్యలన్నీ పోయాయి

కొత్తతొట్టి_మియాపూర్
రెండడుగుల ట్యాంక్, 24 బై 12 బై 15 అంగుళాలు. మొక్కలు జావా ఫెర్న్, అనూబియస్, వెనకాల వాలిస్నేరియా, ముందు క్రిప్టోలు. నియాన్ టెట్రాలు, కోరీలు అనే చేపలు, బోలెడు చెర్రీ రొయ్యలు ఉండేవి. ఉండేవి అని ఎందుకంటున్నానో చెప్తా. అనూబియస్ ఆకుల అంచుల వెంట నల్లగా కుచ్చులు కుచ్చులుగా పాచి పట్టింది, వేలితో రుద్దితే రాదు, గోరుతో గీకితే ఆకే చిరుగుతోంది, ఫిల్టర్ పైపు మూతికీ డ్రిఫ్ట్‌వుడ్‌కీ కూడా అదే. చేపల షాపుకెళ్ళి ఫోటో చూపిస్తే ఆయన లేబుల్ లేని సీసాలో నీలం మందు చేతిలో పెట్టి రెండు మూతలు పొయ్యండి సార్, పొద్దున్నకల్లా ట్యాంక్ క్లీన్ అన్నాడు. పొద్దున్నకల్లా రొయ్యలు క్లీన్. పాచి మాత్రం చెక్కుచెదర్లేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే రొయ్యలున్నాయని మీరు చెప్పలేదు కదా అంటాడు! చేపలకీ మొక్కలకీ ఏమీ కాకుండా దీన్ని వదిలించే పద్ధతి ఏదైనా ఉందా? మొత్తం ఖాళీ చేసి మళ్ళీ మొదలెట్టమని మాత్రం చెప్పకండి, ఈసారి ఖాళీ చేస్తే మళ్ళీ నింపనివ్వనని ఇంట్లో ముందే చెప్పేశారు.

గప్పీ_గోపాల్
లైట్ ఎన్ని గంటలు? కిటికీ పక్కనా? సీఓటూ, అదే మొక్కలకిచ్చే కార్బన్ డయాక్సైడ్, ఉందా? నీళ్ళు బోరా మున్సిపలా? ఇవి చెప్పకుండా మందు అడిగితే మేం కూడా నీలం సీసానే ఇస్తాం బ్రో

కొత్తతొట్టి_మియాపూర్
లైట్ పొద్దున పదింటికి వేస్తే రాత్రి సీరియళ్ళు అయ్యాక అమ్మ ఆపుతుంది. కిటికీ లేదు. సీఓటూ పంచదార, ఈస్ట్ సీసా. అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు, సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది.

గప్పీ_గోపాల్
సీరియళ్ళ టైమింగ్‌తో లైట్ నడిపితే పాచి కూడా ఎపిసోడ్లు ఎపిసోడ్లుగా పెరుగుతుంది 😄

కైకలూరు_రాజు
ఆ నీలం మందు నూటికి తొంభై పాళ్ళు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) నీళ్ళేనండి, చూడకుండా ఒట్టేసి చెప్పలేను గానీ రాత్రికి రాత్రి రొయ్యలు పోయి చేపలు బతికాయంటే ముందు రాగినే అనుమానించాలి. మా చెరువుల్లో నాచు మరీ ముదిరితే వాడతామండి, కానీ లెక్క ఉంటది. నీటి ఆల్కలినిటీ కొలిచి దాన్ని 100తో భాగిస్తే వచ్చిందే లీటరుకి మిల్లీగ్రాములు, అంటే ఆల్కలినిటీ 150 ఉంటే ఒకటిన్నర. 50 కన్నా తక్కువ ఉన్న నీళ్ళలో అసలు వెయ్యకూడదు, ఆ నీళ్ళలో రాగి విషం ఎక్కువ పనిచేస్తది, చేపలు కూడా తేలిపోతాయి. వేశాక నాచు ఒక్కసారే చచ్చి కుళ్ళి ఆక్సిజన్ లాగేస్తది కాబట్టి ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. ఎకరాల చెరువుకే ఇంత జాగ్రత్త పడతామండీ, గ్లాసు తొట్టికి రెండు మూతలంటాడా? మూత సైజెంతో మందు బలమెంతో వాడికే తెలీదు.

రొయ్యలమ్మ
చదువుతుంటే కడుపు మండిపోతోంది. రొయ్యకీ నత్తకీ రాగి అస్సలు పడదు, చాలా కొంచెమే చాలు. నత్తలేమైనా ఉన్నాయా మీ ట్యాంకులో? మూతేసుకుని కదలకుండా కింద పడున్నాయా?

కొత్తతొట్టి_మియాపూర్
చిన్న రామ్స్‌హార్న్ నత్తలుండేవి అక్కా, గాజు మీద ఒక్కటీ కనబడట్లేదు. కోరీలు బాగానే ఉన్నాయి, టెట్రాలు కొంచెం మూలకి చేరి నిలబడుతున్నాయి.

రొయ్యలమ్మ
అయితే ఇవాళే మూడో వంతు నీళ్ళు మార్చండి, ఎల్లుండి ఇంకో మూడో వంతు. ఫిల్టర్లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, పాతది పనికిరాదు. చచ్చిన రొయ్యలు మొక్కల మధ్య ఇరుక్కుని ఉంటాయి, వెతికి తీసెయ్యండి, లేకపోతే అవి కుళ్ళి అమోనియా వస్తుంది, అమోనియా వస్తే కొత్త పాచి వస్తుంది. రొయ్యలు మళ్ళీ కొనే ముందు రాగి టెస్ట్ కిట్ సున్నా చూపించాలి, దొరక్కపోతే ఎవరినైనా అడిగి రెండు నత్తలు తెచ్చి వదిలి చూడండి, అవి కొన్ని వారాలు హాయిగా తిరిగితే అప్పుడు రొయ్యల మాట. నత్తలు మాత్రం ఏం పాపం చేశాయని అడక్కండి, నాకూ బాధే.

అనూబియస్_అత్త
ఫోటో చూశాను. అది బ్లాక్ బియర్డ్ ఆల్గే, చూడ్డానికి నల్లగా ఉన్నా ఎర్ర నాచు జాతి, అందుకే స్పిరిట్‌లో ముంచితే ఎర్రబడుతుంది, అనుమానముంటే ఒక ఆకు కత్తిరించి చూసుకోండి. దీనికి రెండు విషయాలు బాగా నచ్చుతాయి. ఒకటి, మెల్లగా పెరిగే ఆకు, అంటే మీ అనూబియస్, జావా ఫెర్న్. రెండోది, రోజుకో రకంగా మారే సీఓటూ. పంచదార సీసాలో మొదటి రెండు మూడు రోజులు బుడగలు పొంగిపొర్లి, ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ వారానికి ఆగిపోతుంది, మన ఎండల్లో ఇంకా ముందే ఆగిపోతుంది. మొక్క పెరిగిన సీఓటూకి అలవాటు పడేలోపు అది పడిపోతుంది, మొక్క నీరసపడుతుంది, ఆ సందులో ఇది పట్టేస్తుంది. పైగా పన్నెండు పదమూడు గంటల లైట్! ఇంతకన్నా కమ్మగా దీన్ని ఎవరూ పెంచలేరు.

ముందు లైట్‌కి ఒక టైమర్ సాకెట్ కొనండి, ఆరు గంటలు పెట్టండి, రోజూ అవే ఆరు గంటలు. మీ సీఓటూ సీసా తీసి పక్కన పెట్టండి, ఈ మొక్కల్లో ఏ ఒక్కదానికీ అది తప్పనిసరి కాదు. ఆకుల్లో సగానికి పైగా నల్లబడినవి మొదలంటా కత్తిరించి పారెయ్యండి, ఆ ఆకు ఎలాగూ కోలుకోదు. మూతి దగ్గర పట్టిందన్నారు కదా, నీళ్ళ ఒరవడి ఎక్కువున్న చోట ఇది బాగా అంటుకుంటుంది, పైపు విప్పి బయట కడిగెయ్యండి. స్పాంజ్ మాత్రం కొళాయి కింద పెట్టకండి, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండండి చాలు, క్లోరిన్ నీళ్ళలో కడిగితే దాంట్లో ఉన్న మంచి బ్యాక్టీరియా పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, త్వరగా పెరిగే మొక్క ఏదైనా వెయ్యండి. హైగ్రోఫిలా, హార్న్‌వర్ట్, ఏదో ఒకటి, ఐదారు గుప్పెళ్ళు. మీ ట్యాంకులో తిండి తినే మొక్క వాలిస్నేరియా ఒక్కటే, మిగతావన్నీ ఉపవాసం చేసే రకం, మిగిలిందంతా పాచి తింటోంది.

డాలస్_శేషు
అత్తగారు చెప్పినవన్నీ చేస్తూనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో స్పాట్ ట్రీట్‌మెంట్ చెయ్యి తమ్ముడూ, నేను ఇక్కడ ఎప్పట్నుంచో చేస్తున్నా. ఏ మందుల షాపులో అయినా దొరుకుతుంది. నాలుగు లీటర్లకి 1 ఎంఎల్ లెక్కన మొత్తం ట్యాంకుకి డోసు తేల్చుకో, ఆ మొత్తం సిరంజిలోకి తీసుకుని ఫిల్టర్ ఆపేసి పాచి కుచ్చుల మీద దగ్గరగా పెట్టి మెల్లగా వదులు. సన్నటి బుడగలు లేస్తాయి. పది నిమిషాలాగి ఫిల్టర్ ఆన్ చెయ్యి. రెండు మూడు రోజుల్లో పాచి గులాబీ రంగుకొస్తుంది, తర్వాత తెల్లబడి రాలిపోతుంది. పెరాక్సైడ్ చివరికి నీళ్ళూ ఆక్సిజన్‌గా విడిపోతుంది, ఏమీ మిగలదు.

బెజవాడ_బెట్టా
24 బై 12 బై 15 అంటే 70 లీటర్లు, కాబట్టి 17, 18 ఎంఎల్. రైటో

వైజాగ్_వరద
70 ఎలాగవుతాది? అంగుళాల్లో మూడూ గుణించి 61తో భాగిస్తే 70 వస్తాది నిజమే, అది అంచు దాకా నింపితే. ఇసక, రాళ్ళు, కర్ర, పైన రెండంగుళాల ఖాళీ తీసేస్తే నీళ్ళు 60 కూడా ఉండవు. మందులు వేసేటప్పుడు ఎప్పుడూ ఉన్న నీళ్ళకి లెక్క కట్టాల. 60 లీటర్లకి 15 ఎంఎల్.

ఫార్మసీ_పద్మ
ఆగండాగండి. శేషు గారు చెప్పింది అమెరికా సీసాకి, అక్కడ మామూలుగా దొరికేది 3 శాతం. మన దగ్గర మందుల షాపులో అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఐపీ (మన దేశపు మందుల ప్రమాణం) 20 వాల్యూమ్, అంటే దాదాపు 6 శాతం. ఒక ఎంఎల్ నుంచి 20 ఎంఎల్ ఆక్సిజన్ వస్తుందని ఆ 20కి అర్థం, 3 శాతం అంటే 10 వాల్యూమ్. అదే 15 ఎంఎల్ మన సీసాతో పోస్తే డబుల్ డోస్ పడినట్టే. ఈ ట్యాంకుకి 7 ఎంఎల్ దాటకండి. లేబుల్ మీద శాతమో వాల్యూమో చదవకుండా మూత కూడా తియ్యకండి. ఇంకో మాట, ల్యాబులకీ ఫ్యాక్టరీలకీ అమ్మే 30 శాతం, 50 శాతం క్యాన్లు ఆన్‌లైన్లో చవగ్గా కనిపిస్తాయి, చేతి మీద పడితే చర్మం తెల్లగా కాలిపోతుంది, కంట్లో పడితే ఇంక చెప్పక్కర్లేదు. పాచికి వాటి జోలికి పోవద్దు.

డాలస్_శేషు
పద్మ గారూ బాగా పట్టుకున్నారు. ఇక్కడ గోధుమరంగు సీసాల మీద 3 శాతం అనే ఉంటుంది, అదే అలవాటు. తమ్ముడూ, పద్మ గారి లెక్కే ఫాలో అవ్వు.

గప్పీ_గోపాల్
20 వాల్యూమ్ అని మా ఆవిడ జుట్టు రంగు డబ్బా మీద కూడా ఉంది, అదీ ఇదీ ఒకటేనా

ఫార్మసీ_పద్మ
పెరాక్సైడ్ శాతం ఒకటే, కానీ ఆ క్రీములో కొవ్వు ఆల్కహాళ్ళు, సెంట్లు ఇంకేవేవో ఉంటాయి. ట్యాంకులో వెయ్యొద్దు. అసలు ఆవిడ డబ్బా ముట్టుకోవద్దు, మీ క్షేమం కోరి చెబుతున్నా.

అనూబియస్_అత్త
అనూబియస్ రాయికో కర్రకో కట్టి ఉంటే దాన్ని బయటికి తీసేసి చెయ్యండి, అది ఇంకా క్షేమం. పద్మ గారు చెప్పిన 6 శాతాన్ని సమానంగా నీళ్ళు కలిపి 3 చేసుకుని, పెయింటింగ్ బ్రష్షుతో పాచి ఉన్న ఆకు అంచులకి మాత్రం రాయండి. వేర్లకి తగలనివ్వకండి. మూడు నాలుగు నిమిషాలు, సుయ్‌సుయ్‌మని నురుగొస్తుంది, అంతే, బకెట్ నీళ్ళలో జాడించి మళ్ళీ ట్యాంకులో పెట్టెయ్యండి. చేపకి చుక్క కూడా తగలదు. ట్యాంకు లోపల చెయ్యాల్సొస్తే ఒక రోజుకి ఒక మూల మాత్రమే. నాచు మొక్కలు, అదే జావా మాస్ లాంటివి ఉంటే వాటి మీద పడితే అవీ పోతాయి.

బెజవాడ_బెట్టా
ఇంత కష్టం దేనికండీ, గ్లూటరాల్డిహైడ్ వెయ్యండి, లిక్విడ్ కార్బన్ అని వందల రూపాయలకి అమ్మేది అదే కదా. ఆసుపత్రుల్లో పరికరాలు ముంచే 2 శాతం క్యాన్ ఐదు లీటర్లు తెచ్చుకుంటే జీవితాంతం వస్తుంది. నేను వాడుతున్నా, ట్యాంక్ అద్దంలా ఉంది

వైజాగ్_వరద
ఆయనకి వాలిస్నేరియా ఉంది బాబూ. గ్లూట్ పడితే వాలిస్ కరిగి నీళ్ళైపోతాది, హార్న్‌వర్ట్ కూడా అంతే. అత్త ఇప్పుడే హార్న్‌వర్ట్ వెయ్యమంది, నువ్వు గ్లూట్ పొయ్యమంటావేటి?

ఫార్మసీ_పద్మ
బెజవాడ గారూ, ఆ క్యాన్ ఇంట్లో ఎక్కడ పెట్టారు? దాని ఆవిరి పీలిస్తే దగ్గు, ఉబ్బసం రావచ్చు, ఆసుపత్రుల్లో దాన్ని మూతపెట్టిన ట్రేలలో, గాలాడే గదుల్లో గ్లౌజులేసుకుని వాడతారు. పైగా ఆ క్యాన్‌తో ఒక పొడి ప్యాకెట్ ఇస్తారు, ఆ యాక్టివేటర్ కలిపేస్తే మందు మారిపోతుంది, అది ట్యాంకుకి పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో ఐదు లీటర్లు ఉంచే వస్తువు కాదది.

బెజవాడ_బెట్టా
బాల్కనీలో పెట్టా మేడం, పొడి కలపలేదు. నా ట్యాంకులో రొయ్యలూ లేవు వాలిస్సూ లేదు కాబట్టి నడుస్తోంది, సరే ఆయనకి వద్దులెండి

గప్పీ_గోపాల్
ఇన్ని మందులెందుకు, ఒక సక్కర్ ఫిష్ వేస్తే నాకేస్తుంది. యాభై రూపాయలు

కైకలూరు_రాజు
గోపాల్ గారూ ఆ మాట మా ఊరొచ్చి అనకండి, కర్రలతో వస్తారు. మీరు యాభై రూపాయలకి కొన్న ఆ బుజ్జి చేపే పెరిగి అడుగు దాటాక ట్యాంకులో పట్టక ఎవడో కాలవలో వదిలేస్తాడు. ఇప్పుడు మా వైపు కాలవలన్నిట్లోనూ అదే, దెయ్యం చేప, డెవిల్ ఫిష్ అంటాం. ఒంటి నిండా ముళ్ళ పెంకు, రెక్క ముల్లు వలలో చిక్కిందంటే వల కోసి తియ్యాల్సిందే, లేదంటే చెయ్యి కోసుకోవాల్సిందే. తినరు, కొనరు, మేత మాత్రం మా రోహూ కట్లాలతో పాటు అదీ తింటది. చెరువు ఎండగట్టినా బురదలో బొరియ చేసుకుని బతికేస్తది. నల్ల పాచిని అది ముట్టుకోదు కూడా, గాజు మీద పచ్చటి పొర తింటది అంతే, పెద్దయ్యాక అదీ మానేసి గుళికల మేతకి ఎగబడతది.

గప్పీ_గోపాల్
సరే సరే వాపస్ తీసుకుంటున్నా 🙏

కొత్తతొట్టి_మియాపూర్
మరి సయామీస్ ఆల్గే ఈటర్ అంటారు కదా, అది నల్ల పాచి తింటుందట?

అనూబియస్_అత్త
తింటుంది, చిన్నప్పుడు. కానీ షాపుల్లో ఆ పేరు చెప్పి అమ్మేవి సగం వేరే చేపలు. అసలుదానికి మూతి నుంచి తోక చీలిక చివరిదాకా నల్ల గీత ఆగకుండా పోతుంది, రెక్కలు రంగు లేకుండా గాజులా ఉంటాయి. గీత పైన బంగారు రంగు గీత, రెక్కల అంచులకి రంగులు ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. మూతి కింద గుండ్రటి సక్కర్ నోరుండి, పసుపు రంగులో "గోల్డెన్ ఆల్గే ఈటర్" అని అమ్మితే అది చైనీస్ ఆల్గే ఈటర్, పెద్దదయ్యాక మిగతా చేపల పక్కలకి అంటుకుని వాటి జిగురు తినేస్తుంది. మీకు అసలుది దొరికినా వద్దనే అంటాను, అది పదిహేను సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఎప్పుడూ ఈదుతూ ఉండే చేప, రెండడుగుల ట్యాంక్ దానికి ఇరుకు.

రొయ్యలమ్మ
తర్వాత ఎప్పుడైనా రాగి పోయిందని తేలాక అమానో రొయ్యలు నాలుగైదు. జపాన్ ఆయన తకాషి అమానో ప్లాంటెడ్ ట్యాంకుల్లో పాచి కోసం వాటిని వాడ్డం మొదలెట్టాకే వాటికా పేరొచ్చింది. బతికున్న నల్ల పాచిని పెద్దగా ముట్టుకోవు, పెరాక్సైడ్ కొట్టాక గులాబీ రంగుకొచ్చినదాన్ని మాత్రం ఇష్టంగా పీకి తింటాయి. పిల్లలకి ఉప్పునీళ్ళు కావాలి కాబట్టి ట్యాంకులో సంతానం కాదు, గుంపులు గుంపులైపోతాయన్న భయం లేదు.

సీదా_సత్తి
నేను సీదా చెప్తున్న, ఏమనుకోకుర్రి. నాచుకు తిండి అంటే ఎరువే. నైట్రేట్, ఫాస్ఫేట్ జీరో జెయ్యాలె, ఎరువు బంద్ జెయ్యాలె, చేపలకు మేత సగం చెయ్యాలె, నాచు దానంతటదే పోతది. గా హైగ్రోఫిలా వేసుడు, మళ్ళ దానికి ఎరువేసుడు, ఇదంతా ఎందుకు?

వైజాగ్_వరద
మేత తగ్గించమన్నది ఒప్పుకుంటాను. ఎరువు సున్నా చెయ్యమన్నది తప్పు. మొక్కలున్న ట్యాంకులో ఎరువు ఆపితే ముందు ఆగిపోయేది మొక్కే, నాచుకి మొక్కకన్నా చాలా తక్కువ చాలు. ఫాస్ఫేట్ మరీ సున్నా అయితే అనూబియస్ ఆకుల మీద గట్టి పచ్చ చుక్కలు వస్తాయి చూడు, బ్లేడుతో గీకితే గానీ రావు, గ్రీన్ స్పాట్, కొంచెం ఫాస్ఫేట్ వేస్తే కొత్త ఆకులకి రావడం తగ్గుతాది.

కైకలూరు_రాజు
సత్తి గారిది చెరువు లెక్క, వరద గారిది తొట్టి లెక్క. చెరువులో సూపర్ ఫాస్ఫేట్ వేస్తే నీళ్ళు పచ్చబడతాయి, అది నిజమే, మేం కావాలనే వేస్తాం, ఆ పచ్చటి నీళ్ళలో పుట్టిన ప్లాంక్టనే చేపకి మేత. అక్కడ మొక్కలుండవు, ఉంటే పీకిస్తాం కూడా, ఎందుకంటే మొక్కలుంటే ఎరువంతా అవే తినేసి నీళ్ళు పచ్చబడవు. మీకు కావాల్సింది దానికి తిరగేసింది కదండీ.

సీదా_సత్తి
అన్నా గట్ల చెప్తే సమజైంది. కానీ నా ట్యాంక్ల మాత్రం ఎరువు బంద్ చేసినంకనే సాఫయింది, అది కూడా నిజమే

అనూబియస్_అత్త
సత్తీ, అప్పుడే లైట్ కూడా తగ్గించావా లేదా?

సీదా_సత్తి
...తగ్గించిన

బెజవాడ_బెట్టా
😂😂

వైజాగ్_వరద
ఎరువు కావాలంటే షాపులో బుల్లి సీసాలకి డబ్బులు తగలెయ్యొద్దు. ఎరువుల కొట్టులో డ్రిప్‌కి వాడే నీళ్ళలో కరిగే రకాలు కేజీ ప్యాకెట్లు దొరుకుతాయి. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. మీ 60 లీటర్లలో మొదటిది ఒక గ్రాము వేస్తే నైట్రేట్ 10 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) పెరుగుతాది, రెండోది గ్రాములో పదో వంతు వేస్తే ఫాస్ఫేట్ ఒకటి పైచిలుకు. ప్యాకెట్ మీద అంకెలు చూసే కొనాల, అన్నీ తెల్లటి పొడులే. 19-19-19 తెచ్చేరు గనక, దాంట్లో యూరియా, అమ్మోనియా ఉంటాయి, 12-61-0 అమ్మోనియం ఫాస్ఫేట్. అవి ట్యాంకులో పడితే చేపల పని అయిపోయినట్టే. ముందు నీళ్ళలో నైట్రేట్ ఎంతుందో కొలిచి అప్పుడు చెప్పండి వెయ్యాలో వద్దో.

కొత్తతొట్టి_మియాపూర్
నీళ్ళు పరీక్షించే స్ట్రిప్స్ తెప్పించి చూశా. ట్యాంకులో నైట్రేట్ 50 రంగు దగ్గరుంది. ఎందుకో అనుమానమొచ్చి కొళాయి నీళ్ళు పట్టి చూస్తే అవీ దాదాపు అంతే! టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 900. సాఫ్ట్‌నర్ ఉండి కూడా టీడీఎస్ ఇంతెందుకు?

వైజాగ్_వరద
అయితే పొటాషియం నైట్రేట్ నీకు అక్కర్లేదు, నీ బోరే వేస్తోంది. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం లాక్కుని బదులుగా సోడియం ఇస్తాది, టీడీఎస్ తగ్గదు. బట్టలకీ గీజరుకీ బాగుంటాది గానీ మొక్కకి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం రెండూ అది తినేసినట్టే. సాఫ్ట్‌నర్‌కి ముందు పైపు నుంచి నీళ్ళు పట్టుకోడానికి వీలుంటే వాచ్‌మన్‌ని మంచి చేసుకో. ఇంక నీ ట్యాంకులో నైట్రేట్ ఎక్కువ, లైట్ ఎక్కువ, తినే మొక్క తక్కువ. ఫాస్ఫేట్ కొంచెం, పొటాష్ 0-0-50 కొంచెం, హైగ్రోఫిలా బోలెడు.

సంధ్య_ఖమ్మం
మధ్యలో దూరుతున్నాను, నాది వేరే పాచి. నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ, ఇసక మీద పొరలు పొరలుగా, పైపు పెట్టి లాగితే మొత్తం పొర లేచొచ్చేస్తోంది, రెండ్రోజుల్లో మళ్ళీ అంతే. మురుగు వాసన. ఎరిత్రోమైసిన్ మాత్రలు పొడి చేసి వెయ్యమని ఎక్కడో చదివాను.

అనూబియస్_అత్త
అది పాచి కాదమ్మా, సయనోబ్యాక్టీరియా. బ్యాక్టీరియా కాబట్టే ఆ మాత్ర పనిచేస్తుంది, అది నిజం. కానీ మొదటే ఆ దారి పట్టకు.

ఫార్మసీ_పద్మ
మొదటే కాదు, చివర్లో కూడా వద్దంటాను. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందు, షాపువాళ్ళు ఇచ్చేస్తున్నారన్నది వేరే సంగతి. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడ పారబోస్తారు? సింకులోనే కదా. మందుకి లొంగని బ్యాక్టీరియాని మనం చేతులారా పెంచినట్టు.

డాలస్_శేషు
ఇక్కడ చాలామంది వాడతారు, ఒక్క కోర్సుతో పోతుంది. సరిగ్గా వాడితే అంత ప్రమాదం ఉందనుకోను నేను.

ఫార్మసీ_పద్మ
సరిగ్గా వాడితే అనేదగ్గరే కదండీ వచ్చింది చిక్కు. సగం పోయాక మాత్రలు ఖర్చెందుకని ఆపేసేవాళ్ళే ఎక్కువ.

అనూబియస్_అత్త
మీరిద్దరూ తేల్చుకోండి. సంధ్యా, పొరని పైపుతో పూర్తిగా లాగేసి, సగం నీళ్ళు మార్చి, లైట్ ఆపి, ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు వదిలెయ్యి. తొంగి చూడకు. ఏర్‌స్టోన్ మాత్రం ఆడుతూనే ఉండాలి. తీశాక మళ్ళీ నీళ్ళు మార్చు. నీళ్ళు కదలని మూల ఉందంటే ఫిల్టర్ మూతి అటు తిప్పు. నైట్రేట్ కొలిచి చూడు, మియాపూర్ ఆయనకి తిరగేసి నీకు సున్నా వస్తుందని నా అనుమానం.

సంధ్య_ఖమ్మం
సున్నానే అత్తా! ఎలా చెప్పారు?

అనూబియస్_అత్త
చాలాసార్లు అలాగే ఉంటుంది. 13-0-45 నీకు కావాలి. మియాపూర్ ఆయన బోరు నీళ్ళు రెండు బిందెలు తెచ్చుకో పోనీ.

బెజవాడ_బెట్టా
ఎండాకాలం సంగతి ఎవరూ చెప్పలేదు. మా బెజవాడలో మే నెలలో ట్యాంక్ నీళ్ళు 33 దాకా పోతాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, అప్పుడు దుప్పటి కప్పినా, పాచి ఒక్కసారే చచ్చినా, కరెంటు పోయినా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీటి పైకి ఒక చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. బ్యాటరీ ఏర్ పంపు ఒకటి ఇంట్లో పడుండాలి. ఈ మాట మీద నన్నెవరూ తిట్టరనుకుంటా

ఫార్మసీ_పద్మ
తిట్టం. ఇది చాలా అవసరమైన మాట.

కొత్తతొట్టి_మియాపూర్
అప్‌డేట్. టైమర్ పెట్టా, మధ్యాహ్నం నాలుగు నుంచి రాత్రి పది దాకా, అమ్మ సీరియళ్ళకీ ఇబ్బంది లేదు. పంచదార సీసా తీసేశా. అనూబియస్ కర్రని బయటికి తీసి అత్త చెప్పినట్టు బ్రష్షుతో రాశా. నురుగు ఆకు అంచు వెంబడే సన్నటి గీతలా లేచింది, పాచి లేని చోట అసలు రాలేదు. రెండ్రోజులకి కుచ్చులు ఎర్రబడి ఇప్పుడు కొన్ని తెల్లగా అయ్యాయి, ఒక టెట్రా వాటిని పీకి ఉమ్మేస్తోంది. జావా ఫెర్న్ రెండాకుల చివర్లు మాత్రం మాడినట్టు పారదర్శకంగా అయ్యాయి.

అనూబియస్_అత్త
ఫెర్న్‌కి కొంచెం అలా అవుతుంది, కొత్తాకులు వస్తాయి. తెల్లబడినవి వాటంతటవే పోతాయి, మళ్ళీ వెంటనే రాయకండి, వారం ఆగి చూడండి.

డాలస్_శేషు
లైట్ మధ్యలో రెండు మూడు గంటలు ఆపి రెండు ముక్కలు చేస్తే ఇంకా మంచిది, సీఓటూ వెయ్యని ట్యాంకుల్లో ఆ విరామంలో నీళ్ళలో సీఓటూ మళ్ళీ కోలుకుంటుంది.

వైజాగ్_వరద
నాకు దాని వల్ల తేడా ఏటీ కనబళ్ళేదు. మొత్తం గంటలు తగ్గడమే పనిచేస్తాది. చెయ్యాలంటే చెయ్యి, నష్టం లేదు.

కొత్తతొట్టి_మియాపూర్
ముందు ఆరు గంటలకి అలవాటు పడనివ్వండి సార్ 🙂 హైగ్రోఫిలా ఎవరి దగ్గరైనా ఉంటే మియాపూర్, కూకట్‌పల్లి వైపు వచ్చి తీసుకుంటా.

సీదా_సత్తి
నా దగ్గర ఉన్నది, కత్తిరించినవి బకెట్ నిండ. ఇస్త. కానీ వేసేముందు బాగ కడుగు, నా ట్యాంక్ల సన్న నత్తలున్నయ్.

రొయ్యలమ్మ
నత్తలతో సహా తెచ్చుకోండి! మీ రాగి పరీక్షకి అవే.

కైకలూరు_రాజు
పాచి సంగతి ఎలాగూ దారిలో పడింది గానీ, ఆ కొళాయిలో నైట్రేట్ 50 అన్నారు చూడండి, అది నాకు పాచి కన్నా ఎక్కువ గుచ్చుకుంటోందండి. తాగే నీళ్ళకి మన దేశపు ప్రమాణంలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. స్ట్రిప్ రంగు పక్కా కాదు, ల్యాబ్‌లో ఒకసారి చేయించండి. ఇంట్లో నెలల పిల్లలున్నారా? పాల పొడి ఆ నీళ్ళతో కలపకండి. కాచితే నైట్రేట్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడతది.

కొత్తతొట్టి_మియాపూర్
పిల్లలింకా లేరండి, తాగడానికి ఆర్‌ఓ ఉంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం పెడతా, మా కింద ఫ్లోర్‌లో చంటిపాప ఉంది. ఇంతకీ ఆ ఆర్‌ఓ నీళ్ళే ట్యాంకులో కలిపితే నైట్రేట్ తగ్గుతుంది కదా?

వైజాగ్_వరద
తగ్గుతాది. సగం ఆర్‌ఓ సగం బోరు కలిపితే నైట్రేట్, టీడీఎస్ రెండూ సగానికి వస్తాయి. ఒక్కసారే మార్చొద్దు, వారానికి పది శాతం నీళ్ళు మాత్రమే ఆ కలిపినవాటితో మార్చుకుంటూ పో, టీడీఎస్ దభాలున పడిపోతే కోరీలు తట్టుకోవు. ఆర్‌ఓ వేస్ట్ పైపు నీళ్ళు మాత్రం ట్యాంకులో పొయ్యకు, బోరులో ఉన్నదంతా చిక్కబడి అందులోకే పోతాది, ఇల్లు తుడిచే మాప్‌కి వాడుకో.